ఫీనిక్స్ పెరట్లో ఏ నీడ చెట్టు? అరిజోనా యాష్‌నూ మిగతావాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే

అరిజోనాలో ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో మా పెరట్లో ఒకప్పుడు పెద్ద సిస్సూ చెట్టు ఉండేది. దాన్ని తీయించేసిన వేసవిలోనే మా నాన్న అనంతపురం నుంచి వచ్చారు. జులైలో ఒక రోజు రాత్రి ఎనిమిదింటికి పడమటి గోడ మీద చెయ్యి పెట్టి, కాలిన పెనం తగిలినట్టు వెనక్కి లాక్కున్నారు. "ఏమిరా, ఇంత ఇల్లు కొన్నావు, ఒక్క చెట్టు నీడ లేదే" అన్నారు. ఎండ అంటే తెలియని ఊరు కాదు ఆయనది. ఆయనే ఆ మాట అన్నాక ఇక చెట్టు నాటక తప్పలేదు.

ఏ చెట్టు అన్నదాని మీద మూడు నెలలు తిరిగాను. నర్సరీలు చూశాను, పార్కుల్లో చెట్లు చూశాను, పక్కింటివాళ్లను విసిగించాను. చివరికి పెరట్లో అరిజోనా యాష్, ఇంటి ముందు కంకరలో పాలో వెర్డే నాటాను. టెక్సాస్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న మా బావమరిదికి మాత్రం యాష్ జోలికి పోవద్దని చెప్పాను. ఒకే చెట్టును ఒక ఊళ్లో నాటి, ఇంకో ఊళ్లో ఎందుకు వద్దన్నానో ఇక్కడ రాస్తున్నాను. ఈ చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు తరచూ అడుగుతుంటారు కూడా.

పేరు చూసి కొనకండి

యాష్ అంటే బూడిద కదా, బూడిద చెట్టేమిటని మా అమ్మ ఫోన్లో నవ్వింది. ఆ బూడిదకీ ఈ చెట్టుకీ సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో రెండూ వేర్వేరు మాటలు, పోనుపోను ఒకేలా తయారయ్యాయి. మన చెట్టు శాస్త్రీయ నామం ఫ్రాక్సినస్ వెలుటినా. లేత కొమ్మల మీదా ఆకుల అడుగునా మఖమల్ లాంటి సన్నటి నూగు ఉంటుంది కాబట్టి వెల్వెట్ యాష్ అని కూడా అంటారు. 1848లో జాన్ టోరీ అనే అమెరికన్ వృక్షశాస్త్రవేత్త దీన్ని లోకానికి పరిచయం చేశారు. వేప రెమ్మలో లాగే ఒక ఈనెకు అటూ ఇటూ చిన్న ఆకులుంటాయి, మామూలుగా ఐదో ఏడో.

దీని కుటుంబం వింటే మనకు ఆశ పుడుతుంది. ఆలివ్‌తో పాటు మన మల్లె, జాజి, పారిజాతం అన్నీ ఆ కుటుంబానివే. కానీ వాసన కోసం ఎదురుచూడకండి. ఈ యాష్ పూలకు రేకులే ఉండవు. గాలికి పుప్పొడి వదిలి ఊరుకుంటాయి.

అసలు విషయం ఇది. అరిజోనా, న్యూ మెక్సికో, దక్షిణ కాలిఫోర్నియా, పశ్చిమ టెక్సాస్, మెక్సికో ఉత్తర భాగం, ఇవన్నీ దీని సొంత ప్రాంతాలే. ఎండిన దేశమే. అయితే ఆ ఎండిన దేశంలో ఇది ఎక్కడ పెరుగుతుందో చూడాలంటే టక్సన్ పక్కన సబీనో కాన్యన్‌కో, సెడోనా దగ్గర ఓక్ క్రీక్‌కో వెళ్లాలి. వాగు ఒడ్డున సికమోర్, కాటన్‌వుడ్ చెట్ల మధ్య కనిపిస్తుంది. వాగు నుంచి వంద అడుగులు పక్కకు జరిగితే కాక్టస్‌లే. మన వైపు చిత్రావతి, పెన్న ఒడ్డున కానుగ, ఏరుమద్ది పెరిగినట్టన్నమాట. ఏరుమద్ది అనంతపురం చెట్టే కదా అని తెచ్చి గుట్ట మీద నాటితే ఏమవుతుందో మా నాన్నను అడగక్కర్లేదు.

పైగా అనంతపురం వానతో ఫీనిక్స్ వానను పోల్చకండి. అక్కడ ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు పడుతుంది, ఇక్కడ 180. కరవు జిల్లా అనుకునే చోట కురిసేదాంట్లో మూడో వంతు. కాబట్టి అరిజోనా యాష్ ఇక్కడి ఎండకు ఓర్చుకుంటుంది గానీ దాహానికి ఓర్చుకోదు. నర్సరీలో చీటీ మీద 'డెజర్ట్' అన్న మాట చూసి నీళ్లు అక్కర్లేదనుకున్నవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు.

అయినా నేను దాన్నే ఎందుకు నాటానంటే

మా పెరట్లో గడ్డి ఉంది. పిల్లలు ఆడుకుంటారని పూర్తిగా తీయించలేదు. గడ్డికి ఎలాగూ నీళ్లు పెడుతున్నాం కాబట్టి యాష్‌కు కావలసిన తడిలో కొంత అక్కడే దొరుకుతుంది. గడ్డి లేకుండా ఉంటే నా నిర్ణయం వేరేగా ఉండేది.

రెండోది, వేగం. తడి అందితే ఏడాదికి రెండు మూడు అడుగులు తేలిగ్గా ఎదుగుతుంది. పెద్దయితే 30 నుంచి 50 అడుగుల ఎత్తు, ఇంచుమించు అంతే గుబురు. 15 గ్యాలన్ల డబ్బా మొక్క నాటితే ఐదారేళ్లలో కింద కుర్చీ వేసుకోవచ్చు.

మూడోది, ఆకు రాల్చడం. మనవాళ్లు చాలామంది దీన్ని లోపం కింద లెక్కేస్తారు. "ఆకులెవరు ఊడుస్తారండీ" అని. ఫీనిక్స్‌లో ఇదే దీని గొప్పతనమని నాకనిపిస్తుంది. 2023లో ఇక్కడ వరుసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది, అంటే 43 సెల్సియస్. అప్పుడు దట్టమైన నీడ కావాలి. అదే జనవరిలో పొద్దున్నే కాఫీ పట్టుకుని పెరట్లోకి వస్తే కాస్త ఎండ తగిలితే బాగుండుననిపిస్తుంది. నవంబరు, డిసెంబరుల్లో పసుపు రంగుకు తిరిగి ఆకులన్నీ రాల్చేస్తుంది. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి మళ్లీ చిగురిస్తుంది. చలి రోజుల్లో ఎండ ఇంట్లోకి వస్తుంది, మండే రోజుల్లో రాదు. ఏడాది పొడవునా ఆకు ఉండే చెట్టు ఈ పని చెయ్యలేదు.

ఎక్కడ నాటాలన్న దాంట్లో మన వాస్తూ ఇక్కడి ఎండా ఒక్క మాట మీదున్నాయి. ఈశాన్యం తేలిగ్గా, నైరుతి బరువుగా ఉండాలంటారు కదా. ఫీనిక్స్‌లో ఇంటిని కాల్చేది మధ్యాహ్నం మూడు దాటాక పడమటి నుంచి వచ్చే ఎండ. పెద్ద చెట్టు పడమరకో నైరుతికో ఉండాలని ఇక్కడి తోటపనివాళ్లు కూడా చెప్తారు. ఇంటి మీద చెట్టు నీడ పడకూడదనే సిద్ధాంతి గారెవరైనా ఉంటే, ఒక్క జులై నెల చాండ్లర్‌కు పిలవండి.

దాని తలనొప్పులు

నీళ్లు ముందు. ఇక్కడి నీటి సంస్థలు పంచే పట్టిక ప్రకారం, ఎడారికి అలవాటుపడిన చెట్లకు వేసవిలో 7 నుంచి 21 రోజులకోసారి తడి పెడితే చాలు. ఎక్కువ నీళ్లు అడిగే చెట్లకు 7 నుంచి 10 రోజులకోసారి పెట్టాలి. రెండిటికీ తడి రెండు మూడు అడుగుల లోతుకు దిగాలి. యాష్‌ను నేను రెండో వరుసలోనే లెక్కేస్తాను. రోజూ పది నిమిషాలు డ్రిప్ తిప్పితే సరిపోతుందనుకునేవాళ్లే ఎక్కువ. అలా చేస్తే వేళ్లన్నీ పైపైనే పరుచుకుని గడ్డిలోంచి పైకి లేస్తాయి, మోకాళ్లకు తగులుతాయి. డ్రిప్ మొదలుకు ఆనించి కూడా ఉండకూడదు. చెట్టు గుబురు పెరిగేకొద్దీ దాన్నీ బయటికి జరుపుతూ పోవాలి.

తర్వాత ఆడ, మగ. ఈ చెట్లలో ఆడవి వేరు, మగవి వేరు. ఆడ చెట్టు గుత్తులు గుత్తులుగా ఒంటి రెక్క గింజలు కాస్తుంది. అవి గాలికి ఎగిరి గచ్చు సందుల్లో, పూల కుండీల్లో మొలుస్తాయి. మొక్క దశలో ఏది ఆడో చూసి చెప్పడం కుదరదు. అందుకే గింజ నుంచి పెంచిన మొక్క కాకుండా, పేరున్న అంటు రకం అడగాలి. 'ఫాన్ టెక్స్' అనేది గింజలు కాయని మగ రకం, ఆకు కాస్త పెద్దది, ముదురు పచ్చ. ఇక్కడి ఎండకు బాగా తట్టుకుంటుంది, నేను నాటింది అదే. 'మొడెస్టో' కూడా గింజలు కాయదు. కాలిఫోర్నియా వీధుల్లో ఒకప్పుడు విరివిగా నాటారు. కానీ దానికి వసంతకాలంలో తేమ ఎక్కువైతే ఆంత్రాక్నోస్ తెగులు తగులుతుంది. మిరప, మామిడి వేసిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. బదనిక కూడా తెగ పడుతుంది. మామిడి కొమ్మ మీద ఎలా గుబురుగా అతుక్కుంటుందో ఇక్కడా అంతే.

మగ చెట్టు కొంటే గింజల బెడద తీరుతుంది గానీ పుప్పొడి మొదలవుతుంది. ఇంట్లో ఎవరికైనా ఆలివ్ పుప్పొడి పడకపోతే యాష్ కూడా పడకపోవచ్చు, రెండూ ఒకే కుటుంబం కాబట్టి. టక్సన్ ఉన్న పిమా కౌంటీ ఈ తుమ్ముల బాధకే 1980లలో మల్బరీ, ఆలివ్ చెట్ల అమ్మకం మీద ఆంక్షలు పెట్టింది. ఎలర్జీ ఉన్నవాళ్లు చెట్టు కొనేముందు పరీక్ష చేయించుకుంటే మంచిది. పడక గది కిటికీ పక్కన మాత్రం ఎలాగూ వద్దు.

ఆయుష్షు సంగతి కూడా చెప్పాలి. వాగు ఒడ్డున దీని బతుకు వేరు. ఊళ్లో, గట్టి నేలలో, అరకొర తడిలో పెరిగిన యాష్‌కు ఇరవై, ఇరవై అయిదేళ్లకే ముసలితనం కనిపిస్తుంది. త్వరగా ఎదిగినదానికి చెల్లించే ధర అది. మనవలకోసం నాటే చెట్టు కావాలంటే ఇంకేదైనా చూసుకోండి.

యాష్‌లలోనే నర్సరీవాళ్లు ఇంకో రెండు చూపిస్తారు. షామెల్ యాష్ మెక్సికో నుంచి వచ్చింది. చాలా పెద్దదవుతుంది, చలికాలంలో కూడా ఆకు నిలుస్తుంది. ఇప్పటి ఇరుకు పెరళ్లకు అది ఏనుగును తెచ్చి కట్టేసుకోవడమే. రేవుడ్ యాష్ ఆకు రాలే ముందు ద్రాక్షసారా రంగులోకి తిరుగుతుంది, ఫొటోల్లో అద్భుతంగా ఉంటుంది. కాలిఫోర్నియాలో అది కొమ్మలెండు జబ్బుతో బాగా దెబ్బతింది. నేను ధైర్యం చేయలేదు.

యాష్ కాకపోతే ఏది

నేను చివరిదాకా ఊగిసలాడింది పిస్తాష్ దగ్గర. మన మామిడి, జీడిమామిడి కుటుంబం. అది కూడా ఆకు రాలుస్తుంది, రాల్చే ముందు నారింజ, ఎరుపు రంగుల్లో మండుతుంది. ఫీనిక్స్‌లో అసలు సిసలు ఎర్రటి ఆకు చూడాలంటే దాదాపు ఇదొక్కటే దిక్కు. ఇక్కడ 'రెడ్ పుష్' అనే రకం ఎక్కువగా అమ్ముతారు. యాష్ కంటే తక్కువ నీళ్లతో గడుపుతుంది, గట్టి చెట్టు, ఎక్కువ కాలం ఉంటుంది. మరి నేనెందుకు వదిలేశానంటే, మొదటి ఐదారేళ్లు అది విరిగిన గొడుగులా ఉంటుంది. నాలుగు కొమ్మలు నాలుగు దిక్కులకు. నీడ కోసం ఓపిక పట్టాలి. మా నాన్నకు 70 దాటాయి. ఆ లెక్కే యాష్ వైపు మొగ్గేలా చేసింది. మీకు ముప్పై అయిదేళ్లుండి, అదే ఇంట్లో ఇరవై ఏళ్లు ఉండే ఆలోచన ఉంటే పిస్తాషే నాటండి. రెండో మాట లేకుండా చెప్తాను.

ఇంటి ముందు కంకర పరిచి ఉన్నవాళ్లకు యాష్, పిస్తాష్ రెండూ అనవసరం. పాలో వెర్డే చాలు. అది అరిజోనా రాష్ట్ర వృక్షం, 1954 నుంచి. మాను కూడా పచ్చగా ఉండి, ఆకులు లేనప్పుడు బెరడుతోనే ఆహారం తయారుచేసుకుంటుంది. వసంతంలో చెట్టంతా పసుపు పూలు. మొదటిసారి చూసినప్పుడు ఊళ్లో తంగేడు పూసిన గట్టు గుర్తొచ్చింది నాకు. ముళ్లు లేని రకం కావాలంటే 'డెజర్ట్ మ్యూజియం' అని అడగండి. టక్సన్‌లోని ఎడారి మ్యూజియంలో ఎంపిక చేసిన సంకరం అది. పాతిక అడుగుల ఎత్తు, అంతే వెడల్పు. నీడ పలచన, జల్లెడలోంచి పడినట్టుంటుంది, కాబట్టి కింద మొక్కలు బతుకుతాయి, మనిషికి మాత్రం జులైలో అది చాలదు. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త: నీళ్లు ఎక్కువ పెట్టకండి. ఎక్కువ పెడితే బలుపు ఎక్కి, వర్షాకాలపు సుడిగాలికి కొమ్మలు ఫెళ్లున విరుగుతాయి. పక్కన ఈత కొలను ఉంటే పూలు ఏరలేక చస్తారు.

మెస్కీట్ దగ్గరికి వచ్చేసరికి మా ఇంట్లో రభస జరిగింది. నర్సరీలో దాన్ని చూపించగానే మా నాన్న కాయ తుంచి చూశారు, ముల్లు తడిమారు. "ఈ కంపచెట్టును దుడ్లిచ్చి కొంటారా ఈడ?" అన్నారు. ఆయన తప్పు లేదు. మన ఊళ్లలో చెరువులూ బీళ్లూ మింగేసిన సర్కారు తుమ్మకు ఇది సాక్షాత్తు చుట్టం. అయితే పుట్టిన గడ్డ మీద ఇది మర్యాదగల చెట్టు. ఇక్కడి ఆదివాసులైన ఓఓధమ్ ప్రజలు తరతరాలుగా దీని కాయలను దంచి పిండి చేసుకుని తింటున్నారు. టక్సన్ దగ్గర ఒక గనిలో 50 మీటర్లకు పైగా లోతులో మెస్కీట్ వేళ్లు బయటపడ్డాయి. అంత లోతుకు పోయి నీళ్లు తెచ్చుకునే చెట్టుకు మనం పెట్టే డ్రిప్ ఒక లెక్కా? తక్కువ నీళ్లతో మంచి నీడ కావాలంటే దీనికి సాటి లేదు. కొనేటప్పుడు ఇక్కడి సొంత వెల్వెట్ మెస్కీట్ అడగండి. దక్షిణ అమెరికా రకాలు, సంకరాలు ముళ్లు లేకుండా, వేగంగా ఎదుగుతాయి గానీ పైపై వేళ్లతో పెరిగినవి గాలివానకు వేళ్లతో సహా పడిపోవడం నేనే మా వీధిలో రెండుసార్లు చూశాను.

చిన్న పెరడైతే డెజర్ట్ విల్లో చూడండి. మన కాడమల్లె కుటుంబం, గులాబీ రంగు పూలు, ఇరవై పాతిక అడుగులు దాటదు, ఆకు రాలుస్తుంది. నీడ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక సిస్సూ. ఇది మనదే, ఉత్తర భారతం నుంచి వచ్చింది. సీతమ్మ అశోకవనంలో కూర్చున్న శింశుప ఇదేనని చెప్తారు. ఆ మాట విని మా ఆవిడ మొదట్లో దానికి పసుపు కుంకుమ కూడా పెట్టింది. పదేళ్లలో ఆకాశమంత ఎదిగింది. దాంతోపాటు వేళ్లు పెరటి గోడ కింద నుంచి పక్కింట్లోకి వెళ్లాయి, గోడ పగిలింది, గచ్చు లేచింది, ముప్పై అడుగుల దూరంలో గడ్డిలోంచి పిలకలు రావడం మొదలైంది. కొట్టించడానికయిన ఖర్చుతో నాలుగు చెట్లు కొనుండేవాణ్ని. కొట్టించాక కూడా రెండేళ్లు పిలకలు పీకుతూనే ఉన్నాను. లంకలో అశోకవనానికి సరిపోయే చెట్టు, మన ఆరు వేల చదరపు అడుగుల స్థలానికి కాదు. ఎవరు ఎంత చవకగా ఇస్తామన్నా వద్దనండి.

డాలస్ వైపు ఉన్నవాళ్లు ఇది చదవండి

మా బావమరిది ఫ్రిస్కోలో కొన్న ఇంట్లో ముందున్నవాళ్లు నాటిన అరిజోనా యాష్ ఉంది. కిందటేడాది వాట్సాప్‌లో ఫొటో పంపి, "బావా, చెట్టు పైన కొమ్మలు ఎండిపోతున్నాయి, నీళ్లు తక్కువయ్యాయంటావా?" అని అడిగాడు. అది చూడగానే నాకు టెన్షన్ మొదలైంది.

ఎందుకంటే యాష్ జాతి మొత్తానికీ అమెరికాలో యముడు ఒకడున్నాడు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు. మన పల్లెల్లో పిల్లలు అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు మేపే బంగారు పురుగు గుర్తుందా? అదే కుటుంబం, దానికంటే చాలా చిన్నది, మెరిసే ఆకుపచ్చ. తూర్పు ఆసియా నుంచి వచ్చి 2002లో మిచిగన్‌లో బయటపడింది. అప్పటి నుంచి కోట్ల కొద్దీ యాష్ చెట్లను చంపింది. దాని పిల్ల పురుగు బెరడు కింద వంకరటింకర దారులు తొలుచుకుంటూ చెట్టుకు నీళ్లు, తిండి పోయే దారి తెంచేస్తుంది. టెక్సాస్‌లో 2016లో లూసియానా సరిహద్దున ఉన్న హారిసన్ కౌంటీలో తొలిసారి దొరికింది. 2018లో ఫోర్ట్ వర్త్ ఉన్న టారెంట్ కౌంటీలో ఖాయమైంది. 2021 జనవరిలో అమెరికా కేంద్ర వ్యవసాయ శాఖ దీని మీద దేశవ్యాప్త కట్టడిని ఎత్తేసింది, ఆపడం తమ వల్ల కాదని తేలాక.

అరిజోనా యాష్‌కు ఏమైనా ప్రత్యేక రక్షణ ఉందా అంటే, లేదు. చైనాలో తియాన్‌జిన్ నగరంలో ఉప్పు నేలకు తట్టుకుంటుందని ఇదే వెల్వెట్ యాష్‌ను వీధుల వెంట నాటారు. ఆ పురుగు అక్కడ వీటిని బాగా తిన్నది. ఎంతగా అంటే, ఆ పురుగును చంపే ఒక కందిరీగ జాతిని శాస్త్రవేత్తలు అక్కడి చెట్ల మీదే కనిపెట్టారు.

గుర్తుపట్టడం ఇలా. చెట్టు తల నుంచి ఆకు పలచబడుతుంది. వడ్రంగి పిట్టలు బెరడు ఎక్కువగా పొడుస్తాయి. మాను మొదలు దగ్గర కొత్త పిలకలు వస్తాయి. బెరడు మీద మూడు మిల్లీమీటర్ల రంధ్రాలు కనిపిస్తాయి, ఒక పక్క చదునుగా, ఇంగ్లీషు డి అక్షరంలా. మా బావమరిది చెట్టు మీద రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయి. చూడడానికి వచ్చిన చెట్ల నిపుణుడు అది వేరే తొలుచు పురుగని, చెట్టు ముసలిదై నీరసించాక పట్టిందని చెప్పాడు. ఊపిరి పీల్చుకున్నాం గానీ చెట్టు మాత్రం నిలవలేదు.

మంచి ఆరోగ్యంతో ఉన్న పెద్ద యాష్ మీ ఇంటికి నీడనిస్తుంటే భయపడి కొట్టించకండి. లైసెన్స్ ఉన్నవాళ్లు మానులోకి ఎమామెక్టిన్ బెంజోయేట్ ఎక్కిస్తారు, ఒకసారి ఎక్కిస్తే రెండేళ్లు కాపాడుతుంది. మిరపలో, పత్తిలో పురుగుకు మనవాళ్లు కొట్టే మందే. చెట్టు తల సగం ఎండాక మందు పెట్టడం మాత్రం డబ్బు దండగ. కొత్తగా నాటేవాళ్లకైతే ఉత్తర టెక్సాస్‌లో యాష్ వద్దు, అది అరిజోనా యాష్ అయినా, దానికంటే గట్టిదైన టెక్సాస్ యాష్ అయినా.

వద్దనడానికి ఇంకో కారణం, అక్కడ అంతకంటే మంచివి ఉన్నాయి. డాలస్‌లో ఏడాదికి 900 మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. ప్లేనో, ఫ్రిస్కో వైపు నేల అచ్చంగా మన నల్లరేగడి తరహా, ఎండితే నెర్రెలు విచ్చి తడిస్తే ఉబ్బేది. ఇళ్ల పునాదులు కదిలేది అందుకే. ఆ నేలలో సెడార్ ఎల్మ్ హాయిగా పెరుగుతుంది, అక్కడి సొంత చెట్టే. ఒక్క ఇబ్బంది, అది పూసేది ఎండాకాలం చివర్లో, సెప్టెంబరులో కొందరికి తుమ్ములు తప్పవు. షుమార్డ్ ఓక్ ఎర్రటి ఆకు కోసం, లైవ్ ఓక్ ఏడాది పొడవునా పచ్చదనం కోసం. ఓక్ నాటితే ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కొమ్మలు కత్తిరించకూడదు, గాయం మీదకు వచ్చే పురుగులు ఓక్ విల్ట్ అనే జబ్బు అంటిస్తాయి. మా బావమరిది సెడార్ ఎల్మ్ నాటాడు. ఏది నాటినా పునాదికి ఇరవై అడుగులైనా ఎడం ఉంచండి, హెచ్‌ఓఏ, అంటే మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, ఆమోదించిన చెట్ల జాబితా ముందే చూసుకోండి.

ఇండియాలో పొలం గట్టున నాటుకోవచ్చా అని ఒకరిద్దరు అడిగారు. కానుగ, వేప ఉండగా ఈ మోత ఎందుకండీ.

ఫీనిక్స్‌లో నాటేవాళ్లకు

అక్టోబరు, నవంబరుల్లో నాటండి. కుదరకపోతే ఫిబ్రవరి, మార్చి. జూన్‌లో నాటి బతికించడమంటే నెలల తరబడి బాలింతకు చాకిరీ చేసినట్టే. తవ్వేముందు 811కు ఫోన్ చేస్తే భూమిలో గ్యాసు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో ఉచితంగా వచ్చి గుర్తు పెట్టి పోతారు. మొక్క వేళ్ల ముద్ద ఎంత లోతుందో గొయ్యి అంతే లోతు, వెడల్పు మాత్రం మూడింతలు. ఇక్కడ నేలలో కలీచీ అని సున్నపు గట్టి పొర ఉంటుంది, గునపం తగిలితే ఖణేల్మంటుంది. గొయ్యి నిండా నీళ్లు పోసి చూడండి. తెల్లారేసరికి కూడా నీళ్లు నిలిచే ఉంటే ఆ పొర పగలగొట్టాలి, లేదా వేరే చోటు చూసుకోవాలి. నేను రెండు గోతులు వదిలేసి మూడోదాంట్లో నాటాను.

లేత యాష్ బెరడు పడమటి ఎండకు కాలి పగులుతుంది. ఆ పగుళ్లలోకే పురుగులు దూరుతాయి. అందుకని తెల్ల లేటెక్స్ పెయింట్‌లో సగం నీళ్లు కలిపి మానుకు పూస్తారు. మన రోడ్ల పక్క చెట్లకు సున్నం, జాజు పట్టీలు వేస్తారే, అలాగన్నమాట, జాజు లేకుండా. కింది కొమ్మలను మొదటి రెండు మూడేళ్లు తెగ కత్తిరించకండి, మానుకు నీడ వాటిదే. ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము లోపం, ఇక్కడి సున్నపు నేలలో మామూలే. నీళ్లు ఇంకా పెంచితే అది ఎక్కువవుతుంది గానీ తగ్గదు.

మా యాష్‌కు ఇప్పుడు ఆరో ఏడు. ఇంటి కప్పు దాటింది. కిందటి జులైలో మా నాన్న మళ్లీ వచ్చారు. సాయంత్రం ఏడింటికి చెట్టు కింద నవారు మంచం వేయించుకుని పడుకుని, ఒక చేత్తో గోడ తడిమి చూశారు. వెచ్చగానే ఉంది, కాలడం లేదు. చాలాసేపు ఆకుల్లోకి చూసి, "దీనికి నెలకు నీళ్ల బిల్లు ఎంతవుతుందిరా?" అన్నారు. మా ఆవిడ నా వంక చూసింది. నేను గొట్టం కట్టేయడానికని లేచాను.